సైకిల్ ట్యూబులో ఏ గాలి నింపాలి?



ఈ సంచికకు సైన్సు వ్యాసం రాయమని మేస్టారు నన్ను అడిగారు. నక్షత్రాల గురించి రాద్దామని మొదట అనుకున్నాను. కాని పోయిన నెల జరిగిన సంగతి తర్వాత మన హాస్టల్ సైకిల్ గురించే రాయాలనిపించింది. ఆ సంగతి మీ అందరికీ తెలుసు. అయినా సెలవులో ఇంటికి వెళ్లిన వాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను.

ఆ రోజు రాత్రి గాలివాన. కరెంటు పోయింది. ఆరో తరగతి తమ్ముడు ఒకడికి చలిజ్వరం వచ్చింది. మూడు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. వార్డెన్ సార్ ఫోను పట్టుకుని వరండా అంతా తిరిగారు, సిగ్నల్ దొరకలేదు. వాచ్‌మన్ తాత "నేను పోయి నర్సమ్మను తీసుకొస్తాను" అని సైకిల్ తీశాడు. చూస్తే వెనక చక్రం నేలకు అతుక్కుపోయి ఉంది. పంపు కోసం వెతికితే కనబడలేదు. తాత ఆ బురదలో మూడు కిలోమీటర్లు టార్చిలైటు పట్టుకుని నడిచే వెళ్లాడు. నర్సమ్మ వచ్చి రక్తం చూసి మందు ఇచ్చేసరికి చాలా రాత్రయింది. తమ్ముడు ఇప్పుడు బాగున్నాడు, మొన్న కబడ్డీ కూడా ఆడాడు. కాని ఆ రాత్రి మా గదిలో ఎవరికీ నిద్ర పట్టలేదు.

మర్నాడు టిఫిన్ దగ్గర పెద్ద వాదన. గాలి దిగిపోకుండా ఉండాలంటే ట్యూబులో మామూలు గాలి కాక వేరేది ఏదైనా నింపాలని ఒకడు అన్నాడు. "జాతరలో బుడగల్లో కొట్టే గ్యాసు నింపితే సైకిల్ తేలిక కూడా అవుతుంది, ఘాట్ ఎక్కేటప్పుడు తొక్కక్కర్లేదు" అని ఇంకొకడు. "పెట్రోలు బంకులో నైట్రోజన్ కొట్టిద్దాం" అని ఒకడు, "వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ ఉంది కదా" అని ఒకడు. చివరికి ఒక మహానుభావుడు "మన వంటగదిలోనే గ్యాసు బండ ఉంది కదరా" అన్నాడు. అది విని వంట అక్క గరిటె పట్టుకుని బయటికి వచ్చింది.

నవ్వుకున్నాం గాని, ఎవరి మాట నిజమో ఎవరికీ తెలియదు. కావున మేస్టారిని అడిగి, లైబ్రరీ పుస్తకాలు చూసి, సంత రోజున సైకిల్ షాపులో కూర్చుని తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

గాలి అంటే ఒక్కటి కాదు

సైకిల్ టైరులో గాలి నింపే ఆలోచన పాతదే. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఆయన గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు గాని అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్ట్ పట్టణంలో పశువుల డాక్టరుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి గతుకుల్లో ఎగిరిపడకుండా రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి కట్టాడు. అప్పటి నుంచి సైకిళ్లన్నీ గాలి మీదే నడుస్తున్నాయి.

ఆ గాలిలో ఏముంది? ఏడో తరగతిలోనే చదివాము. నూరు పాళ్లలో సుమారు 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ఆక్సిజన్, ఒక పాలు కంటే కొంచెం తక్కువ ఆర్గాన్, మిగతావి కొద్దికొద్దిగా. అనగా మనం పంపు కొట్టిన ప్రతిసారీ ట్యూబులోకి పోయేది ముప్పాతిక పైగా నత్రజనే. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

చిల్లు లేకపోయినా గాలి ఎలా పోతుంది?

పంచరు లేని ట్యూబు కూడా వాడకుండా నెల రోజులు మూల పెడితే మెత్తబడుతుంది. చిల్లు లేదు, మరి గాలి ఎటు పోయింది?

రబ్బరు మన కంటికి గట్టిగా, అతుకు లేకుండా కనిపిస్తుంది. నిజానికి అది పొడవాటి అణువులు చిక్కుపడిన నూలుండ లాంటిది. వాయువు అణువులు లోపలి వైపు రబ్బరులో కరిగి, ఆ చిక్కుల మధ్య నుంచి నెమ్మదిగా జరుగుతూ బయటి వైపు తేలతాయి. ఏ వాయువు ఎంత తొందరగా పోతుందనేది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి, దాని అణువు ఎంత చిన్నది. రెండు, అది రబ్బరులో ఎంత బాగా కరుగుతుంది.

సంతలో గుంపును తలుచుకోండి. సన్నటి కుర్రాడు ఎలాగోలా సందుల్లో దూరిపోతాడు. ఇంకొకాయనకు గుంపులో అందరితో చుట్టరికం. "రా బావా, రా మామా" అని వాళ్లే దారి ఇస్తారు. హీలియం ఆ సన్నటి కుర్రాడు. కార్బన్ డయాక్సైడ్, అనగా మన పాత పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు, ఆ చుట్టరికం ఉన్న ఆసామి. రబ్బరులో అది బాగా కరుగుతుంది.

సహజ రబ్బరులోంచి నత్రజని పోయే వేగాన్ని 1 అనుకుంటే మిగతావి సుమారుగా ఇలా ఉంటాయి.

నత్రజని – 1
ఆక్సిజన్ – రెండున్నర నుంచి 3
హీలియం – 3 నుంచి 4
ఉదజని, అనగా హైడ్రోజన్ – 5 నుంచి 6
కార్బన్ డయాక్సైడ్ – 15 నుంచి 20

ఇప్పటి ట్యూబులు ఎక్కువగా బ్యూటైల్ రబ్బరుతో చేస్తారు. దీన్ని 1937లో అమెరికాలో కనిపెట్టారు. ఇందులోంచి నత్రజని సహజ రబ్బరులో కంటే 20 రెట్లకు పైగా నెమ్మదిగా పోతుంది. అందుకే ఇప్పటి ట్యూబు ఎక్కువ రోజులు గాలి నిలుపుతుంది. బ్యూటైల్‌లో కూడా కార్బన్ డయాక్సైడ్ నత్రజని కంటే 15 రెట్లు, హీలియం 20 రెట్లు దాటి తొందరగా పోతాయి. అంటే ఏ రబ్బరైనా బాగా నిలిచేది నత్రజనే.

బుడగలతో మేము చేసిన ప్రయోగం

పుస్తకంలో ఉన్నది నిజమో కాదో చూద్దామని మేస్టారు ఒక ప్రయోగం చేయించారు. మీరూ చేయవచ్చు. ఒకే రకం బుడగలు రెండు తీసుకున్నాము. ఖాళీ సీసాలో నిమ్మరసం పోసి, ఒక బుడగలో వంటసోడా వేసి, ఆ బుడగను సీసా మూతికి తగిలించి పైకెత్తాము. సోడా నిమ్మరసంలో పడగానే బుసబుసమని నురుగు వచ్చి బుడగ ఉబ్బింది. అందులో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. రెండో బుడగలో సైకిల్ పంపుతో మామూలు గాలి కొట్టాము. నోటితో ఊదలేదు, ఎందుకంటే మనం వదిలే ఊపిరిలో కూడా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. రెండిటినీ దారంతో కొలిచి ఒకే లావు ఉండేలా చూసి, మూతులు గట్టిగా కట్టి, నీడలో వేలాడదీశాము.

మర్నాడు ఉదయానికే సోడా బుడగ మెత్తబడింది. ఆ మర్నాటికి ముడతలు పడి చిక్కిపోయింది. గాలి బుడగ మాత్రం దాదాపు కట్టినట్టే ఉంది. బరువైన వాయువు కదా, నెమ్మదిగా పోతుందని మేమంతా పందెం వేశాము. అందరం ఓడిపోయాము.

హీలియం నింపితే సైకిల్ తేలిక అవుతుందా?

ఇది లెక్క వేసి చూద్దాం. మన సైకిల్ ట్యూబు లోపల చోటు సుమారు 2 లీటర్ల పావు. బాగా గాలి కొడితే బయటి వాతావరణం కంటే సుమారు 3 రెట్లు ఎక్కువ పీడనం ఉంటుంది, మొత్తం మీద 4 రెట్లు. అనగా బయట 9 లీటర్లు ఆక్రమించే గాలిని ఆ ట్యూబులో కుక్కి పెట్టాము. ఒక లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. కావున ఒక ట్యూబులో గాలి సుమారు 11 గ్రాములు. (గాలికి బరువు లేదని ఇంకా అనుకునే వాళ్లు ఈ లెక్క మళ్లీ చదవండి.)

హీలియం బరువు గాలిలో ఏడో వంతు. అదే పీడనంతో నింపితే ట్యూబులో ఒకటిన్నర గ్రాములు ఉంటుంది. ఒక చక్రానికి తొమ్మిదిన్నర గ్రాములు, రెండు చక్రాలకు కలిపి 19 గ్రాములు ఆదా. మన సైకిల్ బరువే 20 కిలోలు ఉంటుంది, పైన తొక్కేవాడు 40 కిలోలు. గుప్పెడు వేరుశనగ పప్పు జేబులో వేసుకుంటేనే అంతకన్నా బరువు పెరుగుతుంది. ఇంత చిన్న లాభం కోసం ఖరీదైన హీలియం నింపితే, అది నత్రజని కంటే ఎన్నో రెట్లు తొందరగా జారిపోతుంది. ఘాట్‌లో తొక్కడం ఎలాగూ తప్పదు మిత్రమా.

రేసు వాళ్లు వాడే కార్బన్ డయాక్సైడ్

త్వరగా పోతుందని తెలిసినా కార్బన్ డయాక్సైడ్‌ను కొందరు కావాలనే వాడతారు. సైకిల్ రేసుల వాళ్లు, కొండల్లో దూరాలు తొక్కే వాళ్లు బొటనవేలంత ఉక్కు గుళికలు జేబులో పెట్టుకుంటారు. ఒక్కో దానిలో సాధారణంగా 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉంటుంది. వాల్వుకు తగిలించి తిప్పితే కొద్ది సెకన్లలో టైరు గట్టిపడుతుంది. 16 గ్రాములు వాయువుగా మారితే సుమారు 9 లీటర్లు. పైన వేసిన లెక్కలో మన ట్యూబుకు కావలసిందీ 9 లీటర్లే!

ద్రవం వాయువుగా మారేటప్పుడు వేడిని లాక్కుంటుంది గనుక ఆ గుళిక మీద మంచు పేరుకుంటుంది, ఉత్త చేత్తో పట్టుకుంటే చర్మం దెబ్బతింటుంది. ఇంటికి చేరాక వాళ్లు ఆ వాయువును వదిలేసి మళ్లీ మామూలు గాలి కొట్టుకుంటారు. ఒక్క పూట అవసరానికి అది మంచిదే. మన సైకిల్‌లా రోజులు రోజులు సిద్ధంగా నిలబడవలసిన బండికి పనికిరాదు.

నత్రజని సంగతి

పెట్రోలు బంకుల్లో కార్లకు నత్రజని కొడతామని బోర్డు ఉంటుంది. అది మంచిదే, ఆక్సిజన్ కంటే నెమ్మదిగా పోతుంది, అందులో తేమ ఉండదు. అయితే నత్రజని ఎండకు వ్యాకోచించదని కొందరు అంటారు. అది తప్పు. ఏ వాయువైనా వేడికి దాదాపు ఒకేలా పెరుగుతుంది. 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు వేడెక్కితే లోపలి మొత్తం పీడనం సుమారు పదో వంతు పెరుగుతుంది, గాలైనా నత్రజనైనా.

నత్రజని నిజంగా ప్రాణం నిలిపేది విమానాల్లో. విమానం దిగేటప్పుడు బ్రేకులు భయంకరంగా వేడెక్కుతాయి. ఆ వేడికి టైరు లోపలి రబ్బరు నుంచి మండే ఆవిర్లు పుడితే, లోపల ఆక్సిజన్ ఉంటే పేలుడు జరుగుతుంది. 1986 మార్చి 31న మెక్సికోలో ఒక బోయింగ్ 727 విమానం పైకి లేచిన కాసేపటికి కూలి 167 మంది చనిపోయారు. బ్రేకు వేడెక్కి చక్రం పేలడమే కారణం. ఆ టైరులో నత్రజనికి బదులు మామూలు గాలి నింపి ఉందని తేలింది. నత్రజని మండదు, మండనివ్వదు. అందుకే పెద్ద విమానాల టైర్లలో అదే నింపుతారు.

మన సైకిల్ బ్రేకు అంత వేడెక్కదు. పైగా గాలిలోనే 78 పాళ్లు నత్రజని ఉంది కదా! ఆక్సిజన్ ముందు పోతుంది, నత్రజని వెనక మిగులుతుంది, మనం పైన మళ్లీ గాలి కొడతాము. ఇలా కొడుతూ ఉంటే ట్యూబులో నత్రజని పాలు బయటి గాలిలో కంటే దానంతట అదే పెరుగుతుంది. అంటే బంకుకు వెళ్లకుండానే మనకు కొంత నత్రజని ట్యూబు తయారవుతోంది, పైసా ఖర్చు లేకుండా.

ముట్టుకోకూడనివి – తమ్ముళ్లు తప్పక చదవాలి

వంట గ్యాసు: రెగ్యులేటరు నుంచి వచ్చే ఒత్తిడి చాలా తక్కువ, సైకిల్ ట్యూబును అది గట్టిపరచలేదు. రెగ్యులేటరు తీసి ప్రయత్నిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ గ్యాసు గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుని పొయ్యి దాకా పాకుతుంది. సహజ రబ్బరు దానికి ఉబ్బి పాడవుతుంది. పంచరు షాపులో ఆ ట్యూబు విప్పినప్పుడు పక్కన బీడీ వెలిగి ఉంటే ఏమవుతుందో ఆలోచించండి.

వెల్డింగ్ ఆక్సిజన్: నిండు సిలిండరులో పీడనం వాతావరణానికి సుమారు 150 రెట్లు. ట్యూబు క్షణంలో పేలుతుంది. ఒత్తిడి తగ్గించి పెట్టినా, గ్రీజు, నూనె ఉన్న చోట ఒత్తిడితో వచ్చే స్వచ్ఛమైన ఆక్సిజన్ తగిలితే మంట పుడుతుంది. సైకిల్‌కు గ్రీజు లేని చోటు ఎక్కడ?

ఎసిటిలీన్: వెల్డింగ్ షాపులో ఉండే రెండో సిలిండరు. ఇది అన్నిటికన్నా ప్రమాదం. ఒత్తిడి వాతావరణం కంటే ఒక రెట్టు ఎక్కువైనా చాలు, నిప్పు తగలకుండానే విచ్ఛిన్నమై పేలవచ్చు. సైకిల్ ట్యూబులో అంతకు మూడు రెట్లు కావాలి.

హైడ్రోజన్: 1937 మే 6న హిండెన్‌బర్గ్ అనే జర్మనీ గాలి ఓడ అమెరికాలో దిగుతూ నిమిషం లోపే కాలిపోయి 36 మంది చనిపోయారు. అందులో నింపింది హైడ్రోజనే. జాతరల్లో కొందరు బుడగల్లో నింపేది హీలియం కాదు, ఇదే. ఆ సిలిండరు దగ్గర నిలబడకండి.

మరి మన సైకిల్ గాలి ఎందుకు దిగింది?

ఇదంతా చదివాక అసలు ప్రశ్న మిగిలింది. రబ్బరులోంచి గాలి పోవాలంటే వారాలు పట్టాలి. మన చక్రం రెండు రోజుల్లో దిగిపోయింది. సైకిల్ షాపు బాబాయి ట్యూబు విప్పకముందే వాల్వు మూతి మీద వేలితో తడి రాశాడు. బుడగలు వచ్చాయి. "ట్యూబు బంగారంలా ఉంది బాబూ, వాల్ ట్యూబు పోయింది" అన్నాడు.

వాల్వు లోపల ఇత్తడి ముక్కకు పక్కన సన్నటి రంధ్రం ఉంటుంది. దాని మీద చిన్న రబ్బరు గొట్టం తొడుగుతారు. అదే వాల్ ట్యూబు. పంపు కొడితే గాలి ఆ రబ్బరును పైకెత్తి లోపలికి పోతుంది. కొట్టడం ఆపగానే లోపలి గాలే ఆ రబ్బరును రంధ్రానికి అదిమి మూసేస్తుంది. లోపలికి దారి, బయటికి తలుపు! ఆ రబ్బరు పాతబడి చీలితే ట్యూబులో ఏ వాయువు ఉన్నా ఒకటే, అన్నీ పోతాయి. బాబాయి అంగుళం ముక్క కత్తిరించి తొడిగాడు. కొద్ది రూపాయల పని. ఇప్పటికి మూడు వారాలైంది, చక్రం గట్టిగానే ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ వారం సైకిల్ చూసే వంతు నాది. వెనక చక్రం మెత్తగా ఉందని శనివారం సాయంత్రమే చూశాను. రేపు కొడదాంలే అనుకుని ఆటకు పోయాను. పంపు మా గదిలో నా మంచం కింద ఉంది. ఆ రాత్రి అందరూ దాని కోసమే వెతికారు. నేను తమ్ముడి దగ్గర కూర్చుని ఉన్నాను, పంపు గుర్తుకు వచ్చేసరికి తాత వెళ్లిపోయాడు. మర్నాడు తాతకు, వార్డెన్ సార్‌కు చెప్పాను. తాత "సరేలేరా, ఇకనైనా చూసుకో" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేదనిపించింది.

కావున నా వ్యాసం సారాంశం ఇది. మన సైకిల్‌కు అన్నిటికన్నా మంచిది మన చుట్టూ ఉన్న గాలే. దానికి డబ్బు అక్కర్లేదు. కావలసింది చూసే మనిషి.

ఇకమీదట చేయవలసినవి (వార్డెన్ సార్ ఒప్పుకున్నారు)

1. ప్రతి బుధవారం, ఆదివారం సాయంత్రం వంతు వాళ్లు రెండు చక్రాలూ బొటనవేలితో నొక్కి చూడాలి. మెత్తగా ఉంటే అప్పుడే గాలి కొట్టాలి.
2. పంపు ఆఫీసు గదిలో తలుపు వెనక మేకుకు వేలాడాలి. ఎవరి మంచం కిందా ఉండకూడదు.
3. వాల్ ట్యూబు ముక్కలు, ప్యాచీలు, సొల్యూషన్ డబ్బా పంపు పక్కన సంచిలో ఉండాలి.
4. సైకిల్ ఎండలో పెట్టకూడదు. ఎండకు రబ్బరు త్వరగా పాడవుతుంది.
5. సరదాకు కూడా ఎవరూ గాలి తీయకూడదు.

మీకో ప్రశ్న: మంచి ట్యూబులో ఉత్త నత్రజని మాత్రమే నింపి, వాల్వు గట్టిగా బిగించి వదిలేశారు. చిల్లు లేదు. లోపల ఒత్తిడి బయటి కంటే ఎక్కువ. అయినా కొన్నాళ్ల తర్వాత చూస్తే లోపల కొంచెం ఆక్సిజన్ ఉంది. అది ఎలా వచ్చింది? జవాబు చీటీ మీద రాసి గోడ పత్రిక కింది డబ్బాలో వేయండి. సరైన జవాబు వచ్చే సంచికలో.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి
(ఈ వారం కూడా సైకిల్ వంతు నాదే, నేనే అడిగి తీసుకున్నాను)